తెలుగుశాఖల నియామకప్రకటనలు - రచనలకు విలువకట్టు తీరు

విమర్శకు పాత్రములగు రచనలలో ఉద్యోగప్రకటనను చేర్చుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని నేడు మన తెలుగుశాఖలలో ఇంత శ్రద్ధతో చదువబడు వాఙ్మయము వేరొకటి లేదు. ప్రకటన వెలువడిన దినమున పరిశోధకవిద్యార్థులు దానిని మొదటి పంక్తినుండి తుదిపంక్తివరకు చదువుదురు. పూర్వప్రకటనతో పోల్చి పాఠభేదములు గుర్తింతురు. 'తత్సమానమైన అర్హత' యనుచోట 'తత్సమానము' అనగా నేమో తేల్చుటకై గంటలకొలది చర్చింతురు. కావ్యమునకు వ్యాఖ్యాతలు చేసిన సేవ వీరు ప్రకటనకు చేయుచున్నారు. అందులో శతాంశమైన శ్రద్ధను వారిని ఎన్నుకొనువారు వారి రచనలయెడ చూపుచున్నారా? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఇంతే.

తెలుగు బోధించు పదవికి పిలుపు సాధారణముగా ఆంగ్లమున వెలువడును. అందు శాఖ పేరు, పదవి పేరు, ఖాళీల సంఖ్య, రిజర్వేషను వర్గము, వేతనశ్రేణి, దరఖాస్తు రుసుము, జతపరుపవలసిన నకళ్ల సంఖ్య ఉండును. 'తెలుగు - 1' అని యుండునే కాని, రాబోవు నా యొక్కరు వ్యాకరణము చెప్పవలయునో, శాసనభాష చెప్పవలయునో, జానపదవిజ్ఞానము చెప్పవలయునో, ఆధునికకవిత్వము చెప్పవలయునో అందు కానరాదు. శాసనములు చదువగలిగిన చివరి యాచార్యుడు విరమించినపుడు శాఖలో ఏర్పడిన ఖాళీ యెట్టిదో శాఖ కెరుకయే. ప్రకటనకు మాత్రము తెలియదు. ఆ స్థానమున నవలావిమర్శకుడు వచ్చును. ఛందస్సు చెప్పువాడు వెళ్లినచోట మరల నవలావిమర్శకుడే వచ్చును. ఇక మిగిలిన దంతయు 'యు.జి.సి. నిబంధనల ననుసరించి' యను నొక్క వాక్యమున ఇమిడియుండును. కావున ప్రకటనను చదువుట యనగా ఆ నిబంధనలను చదువుటయే. 2018 జూలైలో వెలువడిన నిబంధనలు, వాని యనుబంధమున నున్న పట్టికలు మా పరిశీలనకు మూలము.

ముందుగా ప్రకటనకు న్యాయము చేయవలెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారికిని, మానవల్లి రామకృష్ణకవిగారికిని నేటి పట్టికలో ఎన్ని మార్కులు వచ్చునని సభలలో అడుగుట ఒక వాడుక యైనది. శ్రోతలు నవ్వుదురు, చప్పట్లు కొట్టుదురు. కాని ఈ చమత్కారము వాదముగా నిలువదు. ఆ కాలమున విద్వత్తునకు గుర్తింపు కలిగినమాట నిజమే. ఆ గుర్తింపు పొందగల యింటిలో పుట్టినవారెందరు, గురువు సిఫారసు పొందగలిగినవారెందరు అను ప్రశ్న అట్లే మిగిలియున్నది. నోటిమాటతో సాగిన నియామకములకంటె, తన వంశమున మొదటిసారి కళాశాల మెట్లెక్కిన పల్లెటూరి విద్యార్థి తానే చదివి తెలిసికొనగల ముద్రితప్రకటన నిస్సందేహముగా మేలైనది.

ఆ మేలును సైతము లెక్కల కూర్పు ఎట్లు హరింపగలదో ఇటీవలి చరిత్రయే చూపినది. రిజర్వేషనునకు విశ్వవిద్యాలయము గాక ఒక్కొక్క శాఖయే ప్రమాణమని 2017 ఏప్రిలులో అలహాబాదు ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. 2018 మార్చిలో యు.జి.సి. దాని ననుసరించినది. ఆ లెక్కలో శాఖయందలి మొదటి మూడు పదవులకు రిజర్వేషను లేదు; నాలుగవది వెనుకబడిన తరగతులకు, ఏడవది షెడ్యూల్డు కులములకు, పదునాలుగవది షెడ్యూల్డు తెగలకు. పదునాలుగు పదవులు గల భాషాశాఖలు ఎన్ని యున్నవి? దేశమంతట ఆందోళన జరిగిన పిదప 2019లో పార్లమెంటు చట్టము చేసి, కేంద్రీయ విద్యాసంస్థలలో సంస్థ మొత్తమును మరల ప్రమాణముగా నిలిపినది. కొలబద్ద యుండరాదని మేము చెప్పుట లేదు. ఏ కొలబద్దతో దేనిని కొలుచుచున్నామో చూడవలయుననుటయే మా యుద్దేశము.

అభ్యర్థి మొదట దాటవలసిన గడప జాతీయ అర్హతాపరీక్ష, అనగా నెట్. ఒకప్పుడు దీని మూడవపత్రము వ్యాసరూపమున నుండెడిది. అభ్యర్థి ఆ పత్రమున తెలుగున వాక్యములు వ్రాయవలసివచ్చెడిది. ఆ వాక్యములను ఎవరో యొక ఉపాధ్యాయుడు చదువవలసివచ్చెడిది. ఆ చదువుట ఎంత హడావిడిగా సాగినను చదువుటయే. 2012 జూనునుండి ఆ పత్రము కూడ బహుళైచ్ఛికప్రశ్నలతో నిండినది. 2018లో పత్రములు రెండింటికి తగ్గినవి: మొదట 50 ప్రశ్నలు, పిదప తెలుగువిషయమున 100 ప్రశ్నలు. కవులను కృతులతో జతపరచుట, గ్రంథములను కాలక్రమమున అమర్చుట, ప్రతిపాదనకు కారణము సరియో కాదో గుర్తించుట - ఇట్టివి అందలి పనులు. ఇవి వ్యర్థములని మేమనము. తెలుగు అధ్యాపకునికి నాచన సోమన ఎవరో తెలిసియుండవలెను. కాని తెలుగున ఒక పేరా వ్రాయలేనివాడు సైతము ఈ పరీక్షలో ఉత్తమశ్రేణిని పొందగలడన్నమాట దాచినను దాగదు.

రెండవ గడప వడపోతపట్టిక. విశ్వవిద్యాలయములలో సహాయాచార్యపదవికి ఎవరిని మౌఖికపరీక్షకు పిలువవలెనో ఇది నిర్ణయించును. మొత్తము 100 మార్కులు. డిగ్రీకి గరిష్ఠముగా 15, స్నాతకోత్తరవిద్యకు 25, పిహెచ్.డి.కి 30, జె.ఆర్.ఎఫ్. గలవారికి 7, కేవలము నెట్ గలవారికి 5, బోధనానుభవమునకు ఏడాదికి రెండేసి చొప్పున 10, పురస్కారములకు 3, పరిశోధనవ్యాసములకు ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున 10.

ఈ పట్టికను మేము పలుమార్లు చదివితిమి. చదివినకొలది అందొక మనుష్యుని జీవితకథ కానవచ్చినది. ఇరువదిమూడేండ్ల ప్రాయము దాటకమున్నే 40 మార్కుల భవితవ్యము నిర్ణీతమగుచున్నది. డిగ్రీ చదువునపుడు తండ్రితో పొలమునకు పోయి 58 శాతము తెచ్చుకొన్నవానికి 10 మార్కులు, 80 శాతము తెచ్చుకొన్నవానికి 15. ఆ యైదు మార్కుల లోటు పూడ్చుటకు రెండు వ్యాసములు వ్రాసినను చాలదు. వ్యాసముల వరుసయందు మరియొక విశేషము కలదు. అయిదు వ్యాసములతో పది మార్కులు నిండును. ఆరవ వ్యాసమునకు సున్న. ఇక గ్రంథము మాట? ఆ వరుసలో విద్వత్పరిశీలన గల పత్రికలయందో, యు.జి.సి. జాబితాలోని పత్రికలయందో వెలువడిన రచనలకే మార్కులు. నాలుగువందల పుటల గ్రంథము వ్రాసినవానికి అందు చోటు లేదు. పది సంవత్సరములు శ్రమించి ఒక తాళపత్రగ్రంథమును పరిష్కరించినవానికిని లేదు. పిహెచ్.డి.కి 30 మార్కులు ఉదారమైనవే. కాని సిద్ధాంతవ్యాసము గొప్పదైనను, పూర్వసిద్ధాంతవ్యాసములకు అతుకులబొంతయైనను ఆ 30 ఒక్కటే. దానిని నిజముగా చదివినవారు పరీక్షకులు. వారి నివేదికలను ప్రకటన కోరుట లేదు.

వడపోత ముగిసినవెంటనే ఈ మార్కులు చెల్లిపోవును. అవి పిలుపునకు మాత్రమే యనియు, ఎంపిక కేవలము మౌఖికపరీక్షలోని ప్రతిభనుబట్టియే యనియు ఆ పట్టికక్రింద స్పష్టముగా వ్రాసియున్నది. కావున మార్గమంతయు ఇట్లున్నది: మొదట గుర్తులు పెట్టుట, పిదప లెక్కించుట, తుదకు మాటలాడుట. అభ్యర్థి వ్రాసినదానిని కూర్చుండి చదువవలెనను నియమము ఈ మూడింటిలో ఎచ్చటను లేదు. మేమెరిగిన యొక ఎంపికసభలో ఒక అభ్యర్థిని తన వ్యాసములను వరుసగా కుట్టించి తెచ్చినది. సభ్యులొకరు పుటలు త్రిప్పి, ప్రతి వ్యాసమునకు పైభాగమున ముద్రితమైన పత్రికాసంఖ్య ఉన్నదా లేదా యని చూచి, సంచయమును మూసి, 'మీ యభిమానకవి యెవరు?' అని యడిగిరి. ఆమె ఒక వ్యాసమున శతకములలోని స్త్రీనిందను గూర్చి మంచి ప్రశ్న లేవదీసినది. దానిపై మాటలాడుటకే ఆమె వచ్చినట్లు తోచినది. ఆ ప్రశ్న ఆమెతోడనే వెళ్లిపోయినది.

లెక్కింపబడుటకై వ్రాయు రచన యెట్లుండునో తెలుగుపత్రికల పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. శీర్షిక 'ఫలానివారి కవిత్వము - ఒక పరిశీలన' అని యుండును. మొదటి పేరాలో సాహిత్యమునకు నిర్వచనము, రెండవదానిలో కవి జన్మస్థలము, తలిదండ్రుల పేర్లు, పిదప ఆరేడు ఉదాహరణములు, వాని సారాంశము, తుదకు ఆ కవి తెలుగుసాహిత్యమున సుస్థిరస్థానము సంపాదించెనను తీర్పు. అందెవ్వరితోడను వాదము లేదు. పూర్వవిమర్శకుల నెవ్వరిని ఒప్పుకొనుట లేదు, కాదనుట లేదు. ఇట్టి వ్యాసములు వ్రాసినవారిని నిందించుట మా యభిమతము కాదు. ఎవ్వరును చదువరని తెలిసినపుడు ఎవరైనను ఇట్లే వ్రాయుదురు. 1924లో ఆరంభమైన 'భారతి'లో ఒక శాసనమును గూర్చియో, ఒక కవి కాలమును గూర్చియో వ్యాసము వెలువడినచో, దానికి మరుసటి సంచికలలో ఖండనము వచ్చునేమో యను జంకు రచయితకుండెడిది. ఆ జంకే ఆ వ్యాసములకు బలము. ఇపుడు రచయిత జంకవలసినది గడువునకే. మా సంచికకు వచ్చు వ్యాసములతో కూడ, దరఖాస్తు గడువు సమీపించినది గాన త్వరగా ముద్రింపుడని కోరు జాబులు వచ్చుచున్నవి. వారికి ఏమని సమాధానము వ్రాయవలెనో మాకు తోచుట లేదు.

ఈ గిరాకిని చూచి డబ్బు తీసికొని అచ్చువేయు పత్రికలు పుట్టినవి. వానిని అరికట్టుటకు జాబితాలు పుట్టినవి. 2017లో యు.జి.సి. ఆమోదితపత్రికల జాబితాను వెలువరించినది. 2018 మేలో అందుండి 4,305 పత్రికలను తొలగించినది. అదే సంవత్సరము నవంబరులో కేర్ అను నూతనవ్యవస్థ ప్రకటితమైనది. 2019 జూనులో దాని జాబితా వచ్చినది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాకును స్వస్తి చెప్పి, ఏ పత్రిక మంచిదో విద్యాసంస్థలే సూచితప్రమాణములనుబట్టి తేల్చుకొనవలెనని యు.జి.సి. తెలిపినది. ఎనిమిదేండ్లలో ఇన్ని మార్పులు! ఒకే వ్యాసము, ఒక్క యక్షరము మారకయే, ఒకనాడు రెండు మార్కులు విలువచేసినది, మరునాడు ఏమియు చేయలేదు. వ్యాసమును చదువుటకు మారుగా అది అచ్చైన చోటును చూచితిమి గనుకనే ఈ దుస్థితి కలిగినది.

పై పదవులకు లెక్క మరింత విరివియైనది. సహాచార్యపదవికి కనీసము 7 వ్యాసములు, 75 పరిశోధనాంకములు. ఆచార్యపదవికి 10 వ్యాసములు, 120 అంకములు. భాషామానవికశాస్త్రములలో వ్యాసమునకు 10 అంకములు, అంతర్జాతీయప్రచురణకర్త వేసిన గ్రంథమునకు 12, జాతీయప్రచురణకర్త వేసినదానికి 10, గ్రంథానువాదమునకు 8. అనగా ఆరేండ్ల శ్రమ ఫలించిన గ్రంథమునకును, ఆరు దినములలో వ్రాసిన వ్యాసమునకును వెల యొక్కటే. తెలుగునకు జాతీయప్రచురణకర్త యెవరో పట్టిక చెప్పదు. సాహిత్య అకాడమీ యనవచ్చును, నేషనల్ బుక్ ట్రస్టు అనవచ్చును. కాని మన విమర్శగ్రంథములలో పెక్కింటిని వ్రాసినవారే తమ జీతమునుండి కొంత మిగిల్చి, కాగితము కొని, అచ్చువేయించి, మిత్రులకు పంచిపెట్టుచున్నారు. ఇంకొక వరుసలో నాలుగు క్రెడిట్ల సంపూర్ణ అంతర్జాలపాఠ్యక్రమమునకు 20 అంకములు కలవు. ఇద్దరు కలసి వ్రాసినచో చెరియొకరికి 70 శాతము లభించును గాన, పది యంకముల వ్యాసము పదునాలుగు అంకముల దగును. జంటకవులు పెరుగుటకు ఇంతకంటె మంచి యదను లేదు!

నిఘంటువునకు ప్రత్యేకవరుస లేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలికవృత్తిపదకోశపు ప్రథమసంపుటము వ్యవసాయపదములకు సంబంధించినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున అది సిద్ధమైనది. జిల్లాలు తిరిగి, రైతుల నోట పదములు విని, వ్రాసికొని కూర్చిన పని యది. నేడొక యువపరిశోధకుడు చేనేతవారి మాటలనో, చేపలవేటవారి మాటలనో అట్లే సేకరింపబూనినచో, శ్రేయోభిలాషులు అతనికి చెప్పు హితవు ఒక్కటే: 'ముందు అయిదు వ్యాసములు వేయించుకొనుము, ఉద్యోగము వచ్చిన పిదప చూచుకొందువు.' ఆ హితవు తప్పని మేమును చెప్పజాలము.

పత్రికారచనాశాఖలలో ఈ చిక్కు వేరొక రూపమున కనబడును. ఉస్మానియాలో 1954నుండియు ఈ శాస్త్రమును బోధించుచున్నారు. వార్త వ్రాయుట, చిత్రము తీయుట, సంపాదకీయము దిద్దుట ఇందు విద్యలో భాగములే. కాని ఒక దినపత్రికలో వలసకూలీలను గూర్చి సంవత్సరముపాటు వ్రాసిన వరుసకథనములు పైని చెప్పిన వడపోతపట్టికలో వ్యాసములు కావు. ఒక సత్యకథాచిత్రము ప్రచురణ కాదు. ఆ కథనములను గూర్చి మరియొకరు వ్రాసిన పరిశీలన మాత్రము ప్రచురణ! ఈ లోటును గ్రహించియే కాబోలు, 2022లో యు.జి.సి. వృత్తినిపుణులను ఆచార్యులుగా తీసికొనుటకు మార్గదర్శకములు వెలువరించినది. సాధారణముగా 15 సంవత్సరముల అనుభవముండవలెను, మంజూరైన పదవులలో 10 శాతమునకు మించరాదు, మొత్తము సేవ నాలుగేండ్లు దాటరాదు. అతిథికి విస్తరి వేసినారు, ఇంటిలో గది యీయలేదు.

అతిథి యన్నమాట వచ్చినది గనుక అతిథి అధ్యాపకుల సంగతి చెప్పక తప్పదు. మన విశ్వవిద్యాలయములలో స్థిరనియామకములు ఏండ్ల తరబడి నిలిచిపోగా, పాఠములు చెప్పుచున్నవారు చాలవరకు వీరే. 2019 జనవరిలో యు.జి.సి. వీరికి ఉపన్యాసమునకు 1,500 రూపాయలు, నెలకు 50,000 రూపాయలకు మించకుండ ఈయవచ్చునని నిర్ణయించినది. ఏడవవేతనసంఘము ననుసరించిన సహాయాచార్యుని ఆరంభమూలవేతనము 57,700. గతసేవను లెక్కించుటకై 2018 నిబంధనలలోని షరతులలో ఒకటి, ఆ తాత్కాలికసేవలో పొందిన మొత్తము స్థిరసహాయాచార్యుని నెలజీతమునకు తక్కువ కాకుండుట. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుడు. అతిథిగా గరిష్ఠముగా పొందగల ధనమే ఆ సేవను లెక్కకు రాకుండ చేయుచున్నది. పదేండ్లు తరగతిలో నిలిచి కేతనను, జాషువను చెప్పినవారికి, ఈ షరతును యథాతథముగా అన్వయించినచో, అనుభవపు వరుసలో సున్న.

అన్యదేశములందు పరిస్థితి వేరా యని యడుగవచ్చును. తెలుగునకు అమెరికా విశ్వవిద్యాలయములతో సంబంధము లేకపోలేదు; విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావుగారు చిరకాలము బోధించిరి. అచ్చటి మానవికశాస్త్రముల ప్రకటనలు సాధారణముగా రంగమును పేర్కొనును: మధ్యయుగదక్షిణాసియా అనియో, భారతీయభాషాసాహిత్యములు అనియో. అభ్యర్థి ఉత్తరముతోపాటు తన రచనలో ఒక భాగమును మచ్చుగా పంపవలెను. తుదిజాబితాకు వచ్చినవారి మచ్చును శాఖవారు చదివి, దానిపై ప్రశ్నలడుగుదురు. అయినను అది స్వర్గము కాదు. 2008 ఆర్థికసంక్షోభము తరువాతి పదేండ్లలో అచ్చటి ఆధునికభాషాసంఘపు జాబితాలో ఆంగ్లశాఖల ప్రకటనలు సుమారు సగమునకు పడిపోయినవి. తాత్కాలికాధ్యాపకుల కష్టములు అచ్చటను ఉన్నవి. మనము గ్రహింపవలసినది అచ్చటి సంపదను కాదు, ఆ మచ్చును మాత్రమే.

2025 జనవరిలో యు.జి.సి. వెలువరించిన ముసాయిదా అంకములపద్ధతిని విడిచి, తొమ్మిది విధములైన గణనీయకృషిని పరిగణింపవలెనని ప్రతిపాదించినది. భారతీయభాషలలో బోధన అందొకటి. తెలుగుశాఖలకు ఇది వినసొంపైన మాట. అయితే గణనీయమైనదో కాదో చదువక తేల్చుట యెట్లు? చదువు నియమము లేనిచో గణనీయమను విశేషణము ఎన్నుకొనువారి యిష్టమునకు మారుపేరగును. సంఖ్యలు కనీసము అందరికి కనబడును. ముసాయిదాను మెచ్చుకొనుచున్న మిత్రులతో ఈ విషయమున మేము ఏకీభవింపజాలకున్నాము.

మా సూచన స్వల్పమైనది. ప్రకటనలో పదవి ఏ రంగమునకో చెప్పవలెను. అభ్యర్థి తన రచనలలో ఉత్తమమని తాను తలచిన రెండింటిని, అవి ఎచ్చట అచ్చైనను, అచ్చు కాకున్నను, పంపవలెను. ఎంపికసభలోని ముగ్గురు విషయనిపుణులు మౌఖికపరీక్షకు ముందే వానిని చదివి, ఒక్కొక్కరు వేరువేరుగా అరపుట అభిప్రాయము వ్రాసి సంతకము చేయవలెను. ఆ యభిప్రాయములు అభ్యర్థికి అందవలెను. పక్షపాతమునకు ఇది తావిచ్చునని కొందరందురు. మౌఖికపరీక్షలో అడిగిన ప్రశ్నకు గాని, విన్న సమాధానమునకు గాని నేడు మిగులు జాడ యేది? సంతకముతో కూడిన అరపుట దాచినను దాగదు. అన్యాయముగా వ్రాసినవారిని ఆ పుటయే పట్టియిచ్చును. నిపుణులకు తీరిక లేదను మరియొక ఆక్షేపణ కలదు. ఒక పదవికి ఇరువదిమందిని పిలిచినారనుకొందము. ఒక్కొక్కరి రెండు రచనలు కలసి ముప్పది పుటలనుకొన్నను ఆరువందల పుటలు. తరువాత ముప్పదేండ్లు అదే శాఖలో, అదే తరగతిగదిలో పాఠము చెప్పబోవు వ్యక్తిని ఎన్నుకొనుటకు ఆరువందల పుటలు. రోజునకు నూరు పుటలు చదివినచో ఆరు దినముల పని.